పంపు గది చుట్టూ రెండు చుట్లు

బావమరిది గొడుగు తీసుకుపోయాడు. తిరిగి ఇవ్వలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

కొట్లో కొన్న గొడుగైతే దర్జీ అంత పట్టించుకునేవాడు కాడేమో. అది భార్య కోసం తన చేత్తో కుట్టిన గొడుగు. పాత గుడ్డ చిరిగిపోతే ఊచలు మాత్రం ఉంచి, దుకాణంలో మిగిలిన కోటు లైనింగు ముక్కలు కోసి, ఒక్కో రెక్కకు ఒక్కో రంగు వేశాడు. ఎర్ర రెక్క పక్కన పచ్చ రెక్క, దాని పక్కన బూడిదరంగు చారలు. ఆమె దాన్ని వేసుకుని నది ఒడ్డున నడుస్తుంటే అవతలి గట్టు మీదివాళ్లకు కూడా ఎవరు వస్తున్నదీ తెలిసిపోయేది. "సర్కసు డేరా తప్పిపోయి నడిచొస్తున్నట్టుంది" అని మొగుణ్ని ఏడిపించేది. ఏడిపించింది గానీ, ఇంకో గొడుగు ముట్టుకోలేదు.

ఆమె పోయిన రోజు వాన. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఆ గందరగోళంలో ఆమె తమ్ముడు తలుపు వెనక మేకుకు ఉన్న గొడుగు తీసుకుని వెళ్లాడు. మేకు అలాగే ఉండిపోయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. దర్జీ బావమరిదితో మాట్లాడలేదు. కొత్త గొడుగూ కొనలేదు. కొత్తది కొంటే పాతదాన్ని వదులుకున్నట్టే. వాన పడితే తడిసేవాడు. తడిసి వచ్చి తుమ్ముతూ బొత్తాలు కుట్టేవాడు.

బావమరిది ఏ దూరాభారంలోనో ఉంటే బాగుండేది. ఎదురుగానే ఉన్నాడు. దర్జీ దుకాణానికి వీధి అవతల అతని సెలూన్. మిషను మీంచి తలెత్తితే సెలూన్ అద్దం, అద్దంలో బావమరిది, బావమరిది వెనక గోడకు గొడుగు.

పంతం ఇద్దరికీ ఖరీదుగానే పడింది. దర్జీ క్షవరానికి ఊరి చివరికి వెళ్లేవాడు. అక్కడివాడికి చూపు ఆనదు. ఒక చెవి మీద చెట్టంత జుట్టు వదిలి, ఇంకో చెవి మీద నున్నగా గీసేవాడు. అటు బావమరిది ప్యాంటు కుడికాలి అంచు ఊడింది. బజారులో ఇంకో దర్జీతో కుట్టించాడు. వారం తిరక్కుండా మళ్లీ ఊడింది. విసుగెత్తి గుండుసూదులు గుచ్చుకున్నాడు. వీధి అవతలి నుంచి ఆ సూదులు తళుక్కుమన్నప్పుడల్లా దర్జీ చెయ్యి దానంతటదే సూదీ దారం మీదికి పోయేది. తన జుట్టును చూసి సెలూన్లో ఉన్నవాడి చెయ్యీ అలాగే కత్తెర మీదికి పోతోందని అతనికి తెలుసు. అదొక్కటే తృప్తి.

కూతురు తపాలా ఆఫీసులో ముద్రలు కొడుతుంది. ఆఫీసు అయ్యాక రెండు కొట్లలోనూ అడుగుపెట్టి ఇంటికి పోయేది. "పొద్దుటా అదే ఉద్యోగం, సాయంత్రమూ అదే ఉద్యోగం. ఇక్కడ కవర్లు ఉండవు, అంతే తేడా" అనేది.

"నాన్నా, మావయ్య అడుగుతున్నాడు, నీ తలను ఎవరు కొరికారని."

"నా తలతో అతనికేం పని?"

"గొడుగు అడిగితే ఇచ్చేస్తాడంట. ఒక్క మాట అడిగితే చాలంట."

"నా వస్తువు నేనడగడమేంటి? తీసుకెళ్లినవాడు తెచ్చివ్వాలి."

"తెచ్చిస్తే తప్పు చేసినట్టు ఒప్పుకోవడం అవుతుందంట."

"అవుతుంది. అందుకే తెమ్మంటున్నా."

కూతురు సంచి భుజానికి తగిలించుకుంది. "మీ ఇద్దర్నీ ఒకే కవర్లో పెట్టి, ఎవరి అడ్రసూ రాయకుండా పోస్టు చెయ్యాలి" అని మెట్లు దిగింది.

ఇలా ఉండగా మునిసిపాలిటీ నది ఒడ్డు పార్కులో నడక బాట వేయాలనుకుంది. పార్కు చూసుకునే ఆవిడను ఊళ్లో విజిల్ మేడం అంటారు. గడ్డి మీద కాలు పడిందంటే ఎక్కడున్నా విజిల్ ఊదుతుంది. అంతకుముందు ఒకసారి పనివాళ్లు తమ తెలివితో ఒక బాట వేశారు. అది చక్కగా వెళ్లి నదిలో దిగింది. పేపరు చదువుకుంటూ నడిచే రిటైర్డు హెడ్మాస్టరు మోకాళ్ల దాకా తడిశాక గానీ తలెత్తలేదు. ఈసారి అలా జరగకూడదని మేడం దర్జీ దుకాణానికే వచ్చింది.

"మాస్టారూ, మీరూ అమ్మగారూ ఏళ్ల తరబడి నడిచిన దారుంది కదా. అక్కడ గడ్డి కూడా మొలవదు. దాన్నే బాట చేద్దామని. రేపు పొద్దున మీరు మామూలుగా నడవండి. మావాళ్లు వెనకే వచ్చి గుంజలు పాతుకుంటారు."

దర్జీ టేపు మెడలోంచి తీసి మళ్లీ మెడలో వేసుకున్నాడు. ఆ దారి ఆమెది. వంతెన మెట్ల దగ్గర మొదలై గట్టు వెంట తిన్నగా వెళ్లి, నీళ్లలోకి దిగే రాతి మెట్ల దగ్గర ఆగుతుంది. పై మెట్టు మీద ఆమె కూర్చునేది, పక్కన అతను నిలబడేవాడు. వంకర నడక ఆమెకు చేతకాదు. ఊరు ఆమె దారిలో నడుస్తుందంటే కాదనడానికేముంది.

"సరేనమ్మా" అన్నాడు.

మేడం పనివాళ్లకు గట్టిగా చెప్పింది. "ఆయన కాలు పడిన చోట గుంజ పడాలి. సొంత తెలివి వాడారో, హెడ్మాస్టరుగారికి ఈసారి మీరే సమాధానం చెప్పుకోవాలి."

మర్నాడు దర్జీ బయల్దేరాడు. వెనక ఒకడి భుజాన సున్నం పూసిన పొట్టి గుంజల మోపు, ఇంకొకడి చేతిలో సుత్తి. పని సాఫీగా సాగుతోంది. అప్పుడు కనిపించింది గొడుగు.

ఎదురుగా గట్టు మీద ఎర్ర రెక్కా పచ్చ రెక్కా మెరుస్తూ వస్తున్నాయి. కింద బావమరిది. వాన లేదు, చెప్పుకోదగ్గ ఎండా లేదు. కావాలనే వేసుకొచ్చాడు.

దర్జీకి ఒళ్లు మండింది. ఎదురుపడితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ముందు అన్నవాడు ఓడినట్టు. మొహం చాటేసి పోదామంటే వెనక ఇద్దరు సాక్షులు. అటూ ఇటూ చూసి కుడివైపున్న పంపు గది వెనక్కి మళ్లాడు. గుంజలు మళ్లాయి.

గది చుట్టి వచ్చి తొంగిచూస్తే బావమరిది తోటమాలితో కబుర్లలో పడి ఉన్నాడు. దర్జీ ఇంకో చుట్టు తిరిగాడు.

"అన్నా, గడ్డి లేని దారి అటుంది కదా?" అన్నాడు సుత్తివాడు.

"సొంత తెలివి వద్దన్నారు" అన్నాడు మోపువాడు.

రెండో చుట్టు అయ్యేసరికీ కబుర్లు తెగలేదు. దర్జీ క్రోటన్ పొదల్లోకి దూరి, కొమ్మలు పక్కకు తీసి చూస్తూ నిలబడ్డాడు. ఒక కాలు నొప్పెడితే ఇంకో కాలి మీదికి మారాడు. మారినప్పుడల్లా వెనక ఒక గుంజ దిగింది. అతని చుట్టూ దడి కట్టినట్టయింది.

గొడుగు కదిలింది. ఇటే వస్తోంది. దర్జీ గుంజల దడి దాటి పిల్లల ఆటస్థలం మీదుగా పరుగులాంటి నడక అందుకున్నాడు. జారుడుబల్ల కింద వంగి దూరి అవతల తేలాడు. కాలువ మీది చెక్క వంతెన దాటాడు. బావమరిది చుట్టు తిరిగి అటే వస్తున్నాడని ఇటు దాటాడు. ఇటు తోటమాలి చెయ్యూపుతూ "మాస్టారూ, మీ బామ్మర్ది మిమ్మల్నే వెతుకుతున్నాడు" అని కేకేశాడు. మళ్లీ అటు దాటాడు. చివరికి నదికి వీపు పెట్టి పార్కు వెనక గేటు దగ్గర బయటపడ్డాడు. ఆమె కూర్చునే మెట్టు దరిదాపులకు కూడా పోలేదు.

గేటు దగ్గర విజిల్ మేడం నిలబడి ఉంది. గుంజల వరసను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"మీ దారిలో ఇంత ఆలోచనుందా మాస్టారూ? నేనింకా తిన్నగా ఉంటుందనుకున్నా."

దర్జీ నోరు తెరిచాడు. ఎందుకిలా నడిచాడో చెప్పాలంటే ఎవరికి భయపడి దాక్కున్నాడో చెప్పాలి. ఈ వయసులో పొదల్లో నక్కానని చెప్పుకోవడం కంటే ఊరంతా వంకరగా నడవడమే నయమనిపించింది. నోరు మూసుకున్నాడు.

గుంజల వెంట ఎర్ర కంకర పరిచారు. ఎటు నడవాలో బాణం గుర్తులు పెట్టారు. పాత దారి మొదట్లో "గడ్డి తొక్కరాదు" అని బోర్డు పాతారు. నెమ్మదిగా అక్కడ గడ్డి కూడా మొలిచింది. పొదల్లో గుంజలు గుంపుగా ఉన్న చోట గుండ్రటి అరుగు కట్టి, దాని మీద ఒక బల్ల వేశారు. ఆ బల్ల మీద కూర్చుంటే ఎదురుగా ఎరువు కుప్ప.

జనం నవ్వుతారని దర్జీ గుండె రాయి చేసుకున్నాడు. జనం మెచ్చుకున్నారు. అది అతనికి కొరుకుడు పడలేదు.

పంపు గది చుట్టూ రెండు చుట్లు మోకాళ్లకు మంచివని పళ్ల డాక్టరు చెప్పాడు. జారుడుబల్ల కింద వంగడం నడుముకు మందని వ్యాయామం నేర్పే ఆవిడ తన శిష్యురాళ్లతో మళ్లీ మళ్లీ దూరించింది. హెడ్మాస్టరు ఈసారి పేపరు మడిచి జేబులో పెట్టుకుని నడిచాడు. అరుగు మీద కూర్చుని ఎరువు కుప్పను చాలాసేపు చూసి, "మనిషి ఆఖరికి ఏమవుతాడో ఆలోచించుకోమని ఇక్కడ వేశాడయ్యా బల్ల. దర్జీ కాదు, వేదాంతి" అన్నాడు.

ప్రారంభం రోజున మేడం మైకు తెచ్చి దర్జీ నోటి ముందు పెట్టింది. ఒక్కో మలుపు వెనక ఉన్న భావం చెప్పమంది.

"నడిస్తే తెలుస్తుంది" అన్నాడు దర్జీ. చప్పట్లు కొట్టారు.

నిజంగానే నడిస్తే తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ సాయంత్రం కూతురు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఏడ్చి కాదు.

"మావయ్య ఆ అరుగు మీద కూర్చుని పొదల సందులోంచి చూశాడంట నాన్నా. ఆ రోజు తోటమాలితో తను నిలబడ్డ చోటు తిన్నగా కనిపించిందంట. అప్పట్నుంచి ఒకటే నవ్వు. గడ్డం గీయించుకుంటున్న ఒకాయనకు గాటు కూడా పడింది."

"ఊళ్లో చెప్పాడా?"

"చెప్పలేదు. 'మా బావ నా కోసం ఊరంతటికీ బాట వేయించాడే' అని నాతో మాత్రం అన్నాడు."

దర్జీ ఇస్త్రీపెట్టె కింద పెట్టడం మరిచిపోయాడు. ఎవరిదో చొక్కా కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడింది. ఆ మచ్చ కూడా బావమరిది ఖాతాలోనే రాసుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి బావమరిది రోజూ నడకకు రావడం మొదలుపెట్టాడు. గొడుగుతో. దర్జీ మానేయాలనుకున్నాడు. మానేస్తే భార్య నడకను బావమరిదికి రాసిచ్చినట్టవుతుంది. పాత దారిన పోదామంటే గడ్డి, గడ్డి మీద కాలు పెడితే విజిల్. బాణం చూపిన వైపే నడవాల్సి వచ్చింది.

తప్పించుకోవడానికి నడిచిన దారిలో తప్పించుకునే వీలు లేదని అప్పుడు తెలిసింది. పంపు గది దగ్గర ఒకరు బయటి చుట్టులో ఉంటే ఇంకొకరు లోపలి చుట్టులో భుజం రాసుకునేంత దగ్గరగా వస్తారు. చెక్క వంతెన మీద అతను అటు పోతుంటే ఇతను ఇటు వస్తాడు. వెనక్కి తిరుగుదామంటే బాణం ఒప్పుకోదు. ఎదురైన ప్రతిసారీ దర్జీ గుండుసూదుల వంక చూసేవాడు. బావమరిది ఎక్కువ జుట్టున్న చెవి వంక చూసేవాడు. ఇద్దరూ మూతి బిగించుకుని సాగిపోయేవారు.

మూడో వానాకాలం రానే వచ్చింది. ఒక పొద్దున దర్జీ పొదలు దాటుతుండగా కుండపోత. తల దాచుకునే చోటు జారుడుబల్ల కింద తప్ప ఇంకెక్కడా లేదు. వెళ్లి ముడుచుకుని కూర్చున్నాడు.

వెనకే బావమరిది వచ్చాడు. గొడుగు వేసుకునే దూరబోయాడు. గొడుగు ఇనప కమ్మీల మధ్య ఇరుక్కుంది. వెనక్కి లాగితే రాలేదు, ముడుద్దామంటే ముడుచుకోలేదు. చారల రెక్క ఊచ కొన నుంచి ఊడి టపటపా కొట్టుకుంటోంది.

దర్జీ తల తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. తను వేసిన కుట్టు. దారం పుచ్చి పోగులు వేలాడుతున్నాయి. ఆ పీకుడికి పక్క రెక్క కూడా పోయేలా ఉంది.

"ఇరుక్కున్నప్పుడు మీట నొక్కితే చాలదు. నొక్కి పిడిని కుడివైపు తిప్పాలి" అన్నాడు, జారుడుబల్ల వంక చూస్తూ.

బావమరిది తిప్పాడు. గొడుగు ముడుచుకుంది. లోపలికి దూరి పక్కన కూలబడ్డాడు. వాన రేకు మీద డప్పు కొడుతోంది.

"కొంతమందికి ఈ నోరు ముందే ఉంటే బాగుండేది" అన్నాడు బావమరిది. అతనూ జారుడుబల్లతోనే అన్నాడు.

"కొంతమందికి తీసింది తీసిన చోట పెట్టే చెయ్యి ఉంటే ఇంకా బాగుండేది."

"ఆ రోజు అక్క దారిని బాట చేస్తున్నారంటే చూద్దామని వచ్చా. చూస్తే దారి పొదల్లో దూరి కూర్చుంది."

"దారి ఇష్టం దారిది."

చివరికి దర్జీ, "అసలు ఎందుకు తీసినట్టో" అని రేకును అడిగాడు.

బావమరిది ఈసారి రేకుతో కాదు, అతనితోనే చెప్పాడు.

"అక్కే చెప్పింది బావా. మంచం పట్టాక ఒక రోజు పిలిచి, 'నేను పోతే మీ బావ తలుపేసుకు కూర్చుంటాడు, ఎవరి గడపా తొక్కడు. ఆయనకు కావలసిన వస్తువు ఒకటి నీ దగ్గర అట్టేపెట్టుకో. దాని కోసమన్నా వస్తాడు. వచ్చినప్పుడు క్షవరం చేసి, కాస్త నవ్వించి పంపు' అంది. నేను గొడుగు తీసుకున్నా. మర్నాడే వస్తావనుకున్నా."

తన వెనక అక్కా తమ్ముడూ కూర్చుని మంతనాలాడారన్న కోపమో మరేమిటో, దర్జీ ఊడిన రెక్కకు వేలాడుతున్న పోగులు ఒక్కొక్కటీ పీకేశాడు.

"బుర్ర ఉందా నీకు?" అన్నాడు. "కత్తెర తీసుకోవాల్సింది. ఆ సాయంత్రమే వచ్చి ఉండేవాణ్ని."

కత్తెర బావమరిదికి తట్టలేదు.

"మీ అక్క చెప్పిందని ఒక్క మాట అని ఉండొచ్చుగా?" అన్నాడు దర్జీ.

"అంటే వచ్చేవాడివా? మా ఇద్దరి పన్నాగమని ఇంకా బిగుసుకునేవాడివి."

దర్జీ కాదనలేదు. గొడుగు లాక్కుని, కాలర్ వెనక ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే సూదీ దారం తీసి, ఊడిన రెక్కను ఊచ కొనకు బిగించాడు. దారం పళ్లతో కొరికాడు. చేతిలో సూది ఉండగానే బావమరిది కాలు ముందుకు లాక్కుని, గుండుసూదులు ఒక్కొక్కటీ పీకి, ప్యాంటు అంచు కూడా కుట్టేశాడు.

"కదలకు. గుచ్చుకుంటే నా తప్పు కాదు."

వాన కాస్త తగ్గాక బయటికి వచ్చారు. గొడుగు ఒకటి, మనుషులు ఇద్దరు. బాణం చెక్క వంతెన వైపు చూపిస్తోంది. బావమరిది బాణాన్ని చూశాడు, గట్టు వైపు మొలిచిన పచ్చగడ్డిని చూశాడు.

"అక్క ఇలా తిరిగేది కాదు" అని తిన్నగా గడ్డిలోకి దిగాడు.

గొడుగు అతని చేతిలో ఉంది. దర్జీ కూడా దిగాల్సి వచ్చింది.

ఎక్కడి నుంచి చూసిందో విజిల్ మేడం వానకోటు ఎగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. విజిల్ నోట్లో పెట్టి ఊదింది. నీళ్లు చేరి అది బుడబుడమంది.

"మాస్టారూ, గడ్డి. మీరు వేసిన బాట అటుంది."

ఇద్దరూ వినిపించనట్టు నడిచారు. రాతి మెట్ల దగ్గర ఆగారు. పై మెట్టు మీద ఎవరూ కూర్చోలేదు. నది ఎర్రగా పారుతోంది. మేడం వాళ్ల వెనక వచ్చి నిలబడి, ఏదో అడగబోయి, గొడుగు కేసి చూసి ఊరుకుంది. తిరిగి వెళ్లేటప్పుడు తను కూడా గడ్డి మీంచే నడిచింది. అది తనకు తట్టినట్టు లేదు.

అక్కడి నుంచి తిన్నగా దర్జీ ఇంటికి వెళ్లారు. తలుపు వెనక మేకుకు గొడుగు తగిలించింది బావమరిదే. తీసినవాడే పెట్టాలని దర్జీ గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడ్డాడు. తర్వాత సెలూన్ కుర్చీలో కూర్చుని రెండు చెవుల మీదా సమానంగా కత్తిరించుకున్నాడు.

సాయంత్రం కూతురు వచ్చింది. తండ్రి తల చూసింది. వీధి అవతల మావయ్య ప్యాంటు అంచు చూసింది. ఇంటి తాళం తీసుకుపోయి మేకును కూడా చూసి వచ్చింది.

"ముందు ఎవరు మాట్లాడారు నాన్నా?"

"ఎవరూ మాట్లాడలేదు."

"మావయ్యేమో నువ్వే అంటున్నాడు."

"నేను జారుడుబల్లతో మాట్లాడాను. అతను విన్నాడు."

"అయితే మావయ్య తప్పేం లేదన్నమాట."

దర్జీ మిషను ఆపాడు. "గొడుగు తీసుకుపోయాడు. అది తప్పే. తెచ్చిచ్చాడని తీసుకుపోవడం అబద్ధమైపోదు."

"అమ్మ చెబితేనే కదా..."

"విజిల్ మేడందీ పొద్దున్నుంచీ ఇదే గొడవ. జారుడుబల్ల దగ్గర బోర్డు పెడుతుందట, భావం చెప్పమంటుంది. ఆవిడకు చెప్పిందే నీకూ చెబుతున్నా, మీ మావయ్యకూ చెప్పు. గొడుగు గురించి గానీ బాట గురించి గానీ నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేను ఇంకెప్పుడూ దాని గురించి మాట్లాడను."

మిషను మళ్లీ తొక్కాడు. కూతురు ఇంకేదో అడిగింది. అతను ఇంకా గట్టిగా తొక్కాడు.